మొరం దారి మీద పందెము

మోటారు కార్ల పందెము సంగతి మన పత్రికలో ఎందుకని పెద్దలు కొందరు అడుగవచ్చును. మన చదువరులలో ఎక్కువమంది మొరం దారుల మీదనే పొలానికీ, బడికీ, ఆరాధనకూ పోయివచ్చేవారు. ఆ మొరం దారి మీదనే జరిగే పందెము ఒకటున్నది. దానిని ర్యాలీ అంటారు. దానిని చూచుటకు మేము కర్ణాటకలోని చిక్కమగళూరు వరకు వెళ్ళి వచ్చాము. అక్కడ చూచినదానిలో మన ఊళ్ళకు పనికివచ్చేది చాలా ఉన్నదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందుగా మా ఊరి దారుల సంగతి చెప్పాలి. భీమ్‌గల్ నిజామాబాదు జిల్లాలో గుట్టల అంచున ఉన్నది. 2018లో మున్సిపాలిటీ అయింది. కార్తీక పున్నమికి లింబాద్రి గుట్ట జాతర జరిగినప్పుడు ఎక్కడెక్కడి జనమో వస్తారు. ఆర్మూరు నుండి వచ్చే పెద్ద రోడ్డు తారు రోడ్డే. ఆ రోడ్డు దిగి తండాల వైపు, చెల్కల వైపు తిరిగితే ఇప్పటికీ చాలాచోట్ల ఎర్ర మొరమే. వానాకాలం కోసుకుపోతుంది, ఎండాకాలం పిండివలె లేస్తుంది. కొత్తగా మొరం పోసిన దారి మీద బండి నడిపినవారికి తెలుసు: పైన వదులుగా ఉన్న చిన్న రాళ్ళు గచ్చు మీద జొన్నలు పోసినట్టు జారుతాయి. ముందు బ్రేకు గట్టిగా పట్టితే చక్రము ఆగుతుంది గాని బండి ఆగదు.

ఈ దారుల మీద మా పిల్లలు బండ్లు తోలే తీరు చూస్తే గుండె నోటికి వస్తుంది. మా ప్రాంతములో ఇంటికొకరు గల్ఫుకు పోయినవారే. నాయన దుబాయి నుండి పంపిన డబ్బుతో కొడుకు బండి కొంటాడు. మా సంఘములో అటువంటి అబ్బాయి ఒకడున్నాడు. మెకానిక్ పని నేర్చుకుంటున్నవాడు, చేతిలో పనితనమున్నవాడు, కాని బండెక్కితే ఎవరి మాటా వినడు. 2017 నవంబరులో చిక్కమగళూరులో పెద్ద ర్యాలీ ఉన్నదని, తాను పోతానని పట్టుపట్టాడు. వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చి, “అయ్యగారూ, ఒక్కడే పోతనంటున్నడు. వద్దంటే ఇనడు. మీరు ఎంబడి ఉంటే నాకు నిమ్మళం” అన్నది. ఆ తల్లి మాట కాదనలేక, ఆర్మూరు నుండి మరొక సహోదరుని తోడు తీసుకొని ముగ్గురము బయలుదేరాము.

నిజామాబాదులో రైలెక్కి కాచిగూడ, అక్కడ మారి బెంగళూరు, అక్కడి నుండి కడూరు మీదుగా బస్సు. పోయేసరికి ఒళ్ళు హూనమైంది. అయితే చిక్కమగళూరు కొండలు కనబడగానే అలసట సగము పోయింది. కర్ణాటకలో అన్నిటికంటె ఎత్తయిన ముళ్ళయ్యనగిరి శిఖరము అక్కడే ఉన్నది, ఎత్తు 1,930 మీటర్లు. పక్కనే బాబా బూదన్ గిరి. యెమెన్ దేశము నుండి ఆ బాబా ఏడు కాఫీ గింజలు తెచ్చి ఇక్కడ నాటాడనీ, మన దేశములో కాఫీకి అదే మొదలనీ అక్కడివారు చెప్పుకుంటారు. ఎటు చూచినా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి ప్రాకిన మిరియాల తీగలు, నీడలో కాఫీ చెట్లు. తోటల లోపల ట్రాక్టర్లు తిరుగుటకు వేసుకున్న ఎర్రమట్టి, గులకరాళ్ళ దారులే పందెపు బాటలు.

మేము వెళ్ళినది ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లోని పందెము. 1988లో మొదలైన ఈ ఛాంపియన్‌షిప్‌లో ఆ రోజుల్లో న్యూజిలాండు, ఆస్ట్రేలియా, మలేషియా, జపాను వంటి దేశాల తరువాత మన దేశపు వంతు వచ్చేది. ఢిల్లీకి చెందిన గౌరవ్ గిల్ ఇందులో 2013, 2016, 2017 సంవత్సరాలలో మూడుసార్లు విజేత అయ్యాడు. 2017లో అతడు నడిపినది స్కోడా ఫేబియా కారు, చెన్నైకి చెందిన ఎం.ఆర్.ఎఫ్. టైర్ల జట్టు తరఫున. పక్క సీటులో బెల్జియం దేశస్థుడు స్టెఫాన్ ప్రెవో.

పందెము అనగానే కార్లన్నీ ఒకే గీత మీద నిలబడి ఒక్కసారిగా దూకుతాయని మేము అనుకొని వెళ్ళాము. ర్యాలీ అట్లా ఉండదు. ఒక్కొక్క కారును కొన్ని నిమిషాల ఎడము ఇచ్చి వదులుతారు, ముందు కారు లేపిన దుమ్ము అణగాలి గదా. ప్రతివాడూ గడియారముతోనే పోటీపడతాడు. ఇటువంటి ముక్కలు చాలా ఉంటాయి. అన్నిటిలో పట్టిన కాలము కూడితే ఎవరిది తక్కువో అతడు గెలిచినట్టు. ఒక ముక్క ముగిసి రెండవ ముక్కకు పోయేటప్పుడు మామూలు రోడ్డు మీద, బస్సుల మధ్య, లారీల వెనుక, మనవలెనే పోవాలి. అక్కడ వేగముగా పోతే శిక్ష పడుతుంది. తోటలో పిడుగువలె వచ్చిన కారు బజారులో ఎడ్లబండి వెనుక ఓపికగా నడుస్తుంటే, మావాడు నోరు తెరిచి చూచాడు.

కార్లను బాగుచేసే చోటును సర్వీస్ పార్కు అంటారు. అక్కడ తెలుగు వచ్చిన చెన్నై మెకానిక్ ఒకాయన దొరికాడు. మావాడికి పండుగే అయింది. కారు క్రింద రాయి తగిలి ఇంజను పగలకుండ వేసిన దళసరి రేకు, లోపల ఇనుప గొట్టాల పంజరము, భుజాలను నడుమును కట్టివేసే పట్టీలు, రాళ్ళు కోయకుండ గట్టిగా చేసిన టైర్లు అన్నీ చూపించాడు. మావాడు వాటిని తడిమి చూస్తూ, “ఎంత స్పీడు పోతదన్నా?” అని అడిగాడు. దానికాయన నవ్వి, “స్పీడు తర్వాత బాబూ. ముందు మెల్లగా పోవడం ఉంటది” అన్నాడు.

ఆయన చెప్పినది ఇది. పందేనికి ముందు రోజుల్లో ఇద్దరూ మామూలు కారులో ఆ దారి మీద నెమ్మదిగా పోవాలి, సాధారణముగా రెండుసార్లు. ఎంత వేగము మించకూడదో నిర్వాహకులే కట్టడి పెడతారు. నడిపేవాడు చూచి చెబుతుంటాడు, పక్కవాడు పుస్తకములో వ్రాసుకుంటాడు. కుడి మలుపు, ఎడమ మలుపు, ఎంత వంకర, తరువాత ఎన్ని మీటర్లు తిన్నగా ఉన్నది, ఎక్కడ మోరీ, ఎక్కడ రాయి, ఎక్కడ దారి ఎత్తెక్కి అవతల కనబడదు. మలుపులకు అంకెలుంటాయి. ఒక పద్ధతిలో ఒకటి అంటే బాగా ముడుచుకున్న మలుపు, ఆరు అంటే బ్రేకు అక్కరలేనంత విశాలము. రెండవసారి పోయి దిద్దుకుంటారు. పందెము రోజున పక్కవాడు తలెత్తి దారి చూచేది తక్కువ, పుస్తకము చదువుటే అతని పని. నడిపేవాడు ఇంకా కనబడని మలుపులోకి ఆ గొంతును నమ్మి కారు వదులుతాడు. దుమ్ములో, పొగమంచులో కూడ అంతే.

మరునాడు తోటలో, జనానికి కేటాయించిన గట్టు మీద నిలబడ్డాము. కార్ల కంటె ముందు చూచినది మార్షల్స్ అనే కాపలావారిని. రంగు చొక్కాలు వేసుకొని, చేతిలో జెండా, వైర్‌లెస్సు పట్టుకొని ప్రతి మలుపు దగ్గర ఉన్నారు. గట్టు దిగి నాలుగడుగులు ముందుకు వేసిన ఒక కుర్రవాణ్ణి కన్నడములో గట్టిగా కేకలేసి వెనక్కి పంపారు. పందెపు కార్ల కంటె ముందు సున్నా నంబరు కారు అని ఒకటి పోతుంది, దారి మీద మనిషి గాని పశువు గాని లేదని చూచుటకు. అందరూ పోయిన తరువాత చివర మరొక కారు వస్తుంది. అది పోయేవరకు దారి తెరువరు. ఇదంతా తోటల లోపల జరుగుతుంది గనుక గేట్లు వేస్తే దారి నిజముగానే మూతపడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొనండి, దీనితో మళ్ళీ పని ఉన్నది.

“ఇగ వస్తది అయ్యగారూ” అన్నాడు మావాడు. కారు కనబడక ముందే చప్పుడు చెట్లలోనుండి వచ్చింది. తరువాత మలుపు దగ్గర ముక్కు లోపలికి, తోక బయటికి పెట్టి అడ్డముగా జారుకుంటూ వచ్చి, రాళ్ళు చిమ్ముకుంటూ పోయింది. రెప్పపాటు కాలము. తరువాత ఎర్ర దుమ్ము, దాని వెనుక నిశ్శబ్దము. నిజము చెప్పాలంటే మేమూ మరొకసారి చూడాలని మెడ చాచాము.

ముందు పోయేవాడికి లాభమని లోకములో అనుకుంటారు. మొరం దారి మీద మాత్రము అది తలక్రిందులు. మొదట పోయే కారు పైనున్న వదులు రాళ్ళను చీపురువలె ఊడ్చుకుంటూ పోవాలి. వెనుక వచ్చేవారికి గట్టి నేల దొరుకుతుంది, చక్రము పట్టుకుంటుంది. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో మొదటి రోజున పాయింట్లలో అందరికంటె ముందున్నవాడే ముందు బయలుదేరాలని నియమము. కనుక పొడి మొరం మీద మొదటి స్థానమంటే ఊడ్చే స్థానమన్నమాట. ఆర్మూరు సహోదరుడు ఇది విని, “సంఘములో పెద్దరికము కూడ ఇట్లాంటిదే గదండీ” అని నవ్వాడు.

మాకు అన్నిటికంటె నచ్చినది ఒక చిన్న అట్ట ముక్క. ప్రతి పందెపు కారులోనూ అటువంటిదొకటి ఉంటుంది. ఒక వైపు పచ్చగా ‘ఓకే’ అని, మరొక వైపు ఎర్రగా ‘ఎస్.ఓ.ఎస్.’ అని. కారు బోల్తాపడినా చెట్టుకు కొట్టుకున్నా, లోపలివారు క్షేమముగా ఉంటే బయటికి వచ్చి వెనుక వచ్చే కారుకు పచ్చ వైపు చూపాలి. వైద్యము అవసరమైతే ఎర్ర వైపు. ఆ ఎర్ర గుర్తు చూచిన తరువాతి కారు ఆగి తీరాలి. గెలిచేవాడైనా సరే ఆగాలి. ఆగకుండ పోయినవాడికి శిక్ష ఉన్నది. ఆగినవాడు పోగొట్టుకున్న కాలమునకు నిర్వాహకులు న్యాయము చేస్తారు. క్షణాలు లెక్కపెట్టే ఆటలో ఇటువంటి నియమము ఉన్నదని మేము ఊహించలేదు.

ఈ జాగ్రత్తలన్నీ మొదటి నుండి ఉన్నవి కావు. తూర్పు ఆఫ్రికాలోని సఫారీ ర్యాలీ 1953లో బ్రిటిషు రాణి ఎలిజబెత్ పట్టాభిషేకము సందర్భముగా మొదలైంది. కెన్యా, ఉగాండా, టాంగన్యీకా దేశాల మీదుగా వేల మైళ్ళ మట్టి దారి. దారి మూసేవారు కారు. బస్సులు, మందలు, అడవి జంతువులు అన్నీ ఆ దారిలోనే. తరువాతి కాలములో పెద్ద జట్లు ముందు ఏమున్నదో చెప్పుటకు హెలికాప్టర్లు ఎగురవేసేవి. అక్కడి నల్లమట్టి అచ్చము మన బోధన్ వైపు నల్లరేగడివంటిదే, వాన పడితే చక్రానికి అంటుకొని కదలనివ్వదు. ఆ బురదలో గెలిచినవారిలో మన దేశ మూలాలున్నవారు ఇద్దరున్నారు. జోగిందర్ సింగ్ 1965లోను, 1974లోను, 1976లోను గెలిచాడు. శేఖర్ మెహతా 1973లో ఒకసారి, 1979 నుండి 1982 వరకు వరుసగా నాలుగుసార్లు, మొత్తము ఐదుసార్లు గెలిచాడు. 2002 తరువాత ఆ ర్యాలీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుండి తొలగిపోయింది. 2021లో తిరిగి వచ్చినప్పుడు నైవాషా సరస్సు ప్రాంతములో, మూసిన దారుల మీద నడిచింది. ఐరోపాలో కూడ జనము దారి అంచున గోడకట్టినట్టు నిలబడి, కారు దగ్గరకు వచ్చాక తప్పుకొనుటను గొప్పగా చెప్పుకున్న రోజులున్నాయి. 1986లో పోర్చుగల్ ర్యాలీలో ఒక కారు అదుపు తప్పి జనములోకి దూసుకుపోయింది. ముగ్గురు చనిపోయారు, ఎందరో గాయపడ్డారు. అదే సంవత్సరము కోర్సికా దీవిలో ఫిన్లాండ్ దేశస్థుడు హెన్రి తోయివోనెన్, అతని సహచరుడు కారుతోపాటు కాలిపోయారు. ఆ తరువాతనే ఆ తరగతి బలమైన కార్లను నిషేధించారు.

మేము తిరిగివచ్చిన రెండేళ్ళకు మన దేశములోనే అటువంటి కబురు విన్నాము. 2019లో గౌరవ్ గిల్‌కు అర్జున అవార్డు వచ్చింది, మోటారు పందేలలో ఆ గౌరవము అందుకున్న మొదటివాడు అతడే. ఆ సెప్టెంబరు 21న రాజస్థానులోని బాడ్మేర్ జిల్లాలో జాతీయ ర్యాలీ జరుగుతుండగా, పందెము నడుస్తున్న దారిలోకి ఒక మోటారు సైకిలు వచ్చింది. దాని మీద భర్త, భార్య, కొడుకు. వేగముగా వస్తున్న గిల్ కారు దానిని కొట్టింది. ముగ్గురూ చనిపోయారు. గిల్ కూడ గాయపడ్డాడు. మిగిలిన పందెము రద్దు చేశారు. ఎవరు దారి సరిగా మూయలేదు, ఎవరు వినలేదు అనే వాదములోకి మేము పోము. అది చిక్కమగళూరు తోటవంటి చోటు కాదు, జనము రోజూ తిరిగే పల్లె దారి. పల్లె దారి గేటు వేస్తే మూతపడేది కాదు. పొలములో నుండి, పెరట్లో నుండి, డొంకలో నుండి దానిలోకి వంద త్రోవలుంటాయి. తమ ఊరి దారి ఆ ఒక్క పూట తమది కాదనే సంగతి ప్రతి గడపకూ చేరాలంటే, చేరి మనసుకెక్కాలంటే, చాలా పని ఉన్నది. ఒకే బండి మీద ముగ్గురు పోవుట మన ఇండ్లలో రోజూ జరిగేదే. ఆ కబురు విన్న ఆదివారము మా సంఘములో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

ఇక మన దారుల సంగతి చూడండి. ఇక్కడ సున్నా నంబరు కారు లేదు, జెండా పట్టిన మనిషి లేడు. కోతల కాలములో రోడ్డు సగము వడ్లు, మక్కలు ఆరబోసుకుంటారు. రైతుకు కల్లము లేదు, పాపము ఎక్కడ పోస్తాడు? రాత్రికి నల్ల తార్పాలిను కప్పి, ఎగిరిపోకుండ చుట్టూ రాళ్ళు పెడతాడు. చీకట్లో వచ్చే బండికి ఆ నలుపులో నలుపు కనబడదు. పసుపు కాలములో ట్రాక్టరు ట్రాలీలకు వెనుక దీపము ఉండదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు ట్రాలీల సంగతీ ఇంతే. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది, దీపము లేని ట్రాలీలు మాత్రము పోలేదు. 2022 ఒక్క సంవత్సరములో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వము లెక్క చెప్పింది. పందేలలో పోయినవారు అందులో ఎంతమంది ఉంటారు? మిగిలినవారందరూ పొలము నుండి, పెండ్లి నుండి, పని నుండి ఇంటికి పోతున్నవారే.

ఆ ఎర్ర అట్ట గురించి కూడ ఒక మాట. మన ఊళ్ళలో రోడ్డు మీద పడినవాణ్ణి చూచి కూడ బండి ఆపనివారిలో చాలామంది రాతిగుండెవారు కారు. పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందని భయము. ఆ భయము ఇప్పుడు అక్కరలేదు. 2016 మార్చిలో సుప్రీం కోర్టు ఈ విషయమై మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టము సవరించినప్పుడు 134-ఏ అనే సెక్షను చేర్చారు. మంచి మనసుతో గాయపడినవానికి సాయము చేసినవారి మీద ఆ కారణముగా కేసు ఉండదు. వారి పేరు, చిరునామా చెప్పమని బలవంతము చేయకూడదు. ఆసుపత్రిలో చేర్చి వెళ్ళిపోవచ్చును. 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేవరకు దగ్గర నిలబడినా మేలే. సమరయుని కథ ఎరిగిన ఇండ్లలో ఈ సెక్షను నంబరు కూడ తెలిసి ఉండుట మంచిది.

మావాడి సంగతి అడుగుతారేమో. చిక్కమగళూరు నుండి వచ్చిన నెలలోనే ఒక నోటుపుస్తకము కొని, మా ఊరి నుండి తండాకు పోయే మొరం దారి మొత్తము బండి మీద మెల్లగా రెండుసార్లు తిరిగి వ్రాసుకున్నాడు. “ఎడమ మూడు, మోరీ, రైలింగు లేదు. యాభై మీటర్లు తిన్నగ. కుడి రెండు, చింతచెట్టు, మక్కలు ఆరబోసే జాగ. ఎత్తు, అవతల బర్రెలు” అని పేజీలకు పేజీలు. మొదట నవ్వుకున్నాము. తరువాత ఆ పుస్తకము పట్టుకొని సంఘ యౌవనస్థులు నలుగురు పోయి, అన్నిటికంటె చెడ్డవని వ్రాసిన రెండు మలుపుల దగ్గర పెద్ద రాళ్ళు నాటి సున్నము కొట్టారు. ట్రాలీల వెనుక అంటించుటకు రేడియం స్టిక్కర్లు తెచ్చారు, ఒక్కొక్కటి ఎంతోకాదు. కొందరు రైతులు అంటించుకున్నారు, కొందరు వద్దన్నారు. వద్దన్నవారి ట్రాలీకి మావాడు బజారులో ఆగి ఉన్నప్పుడు అంటించి వచ్చాడని తరువాత తెలిసింది.

వానలకు సున్నము కొట్టుకుపోతుంది. ఏటా కోతలకు ముందు మళ్ళీ వేస్తున్నారు. పోయిన ఏడాది మూడవ మలుపును కూడ కలిపారు. అక్కడ రాయి నాటుటకు గుంత తీస్తుంటే తండా పెద్దమనిషి ఒకాయన వచ్చి నిలబడి, తన మనుమని కూడ గడ్డపార పట్టమన్నాడు.